సల్త్ తల ఊపిన ఏడు

బస్రా పెద్ద మసీదు వెనక సందులో ఖర్జూరపాకులతో బుట్టలల్లే రైతాకు, భర్త సల్త్ పోయి నాలుగు నెలలైనా కన్నీళ్లు రాలేదు. వచ్చిందల్లా రోతే.

సల్త్ ప్రవక్త గురించి పెద్దలు చెప్పిన మాటలను, ఏది ఎవరి నోట విన్నాడో పేర్లతో సహా శిష్యులకు చెప్పేవాడు. ఇప్పుడు సల్త్ పేరు కథలు చెప్పే హిర్మాస్ నోట్లో నానుతోంది. గడ్డానికి నూనె కారేలా పట్టించుకుని, ఏడవాల్సిన చోటు రాకముందే కళ్లు తుడుచుకునే మనిషి అతను.

ఆ శుక్రవారం మసీదులో ఖర్జూరపు మొద్దు కథ ఎత్తుకున్నాడు. ప్రవక్త ఆనుకుని ప్రసంగించిన మొద్దు, ఆయన కొత్త వేదిక ఎక్కిన రోజున ఎడబాటు ఓర్వలేక ఏడ్చిందని సల్త్ కూడా చెప్పేవాడు. అంతవరకే. హిర్మాస్ చేతిలో ఆ కన్నీళ్లు ఏడు కుండలు నిండాయి. అవి అద్దుకున్న గుడ్డివాళ్లకు చూపొచ్చింది.

"ఎవరు చెప్పారయ్యా నీకు?" అన్నాడొకడు.

"సల్త్ గారే. చదివి వినిపించాను, తల ఊపారు."

జనం భోరుమన్నారు. ఆడవాళ్ల వెనక కూర్చున్న రైతా లేచి ఇంటికి నడిచింది.

హిర్మాస్ చదివిందీ, సల్త్ తల ఊపిందీ నిజమే. శిష్యుడు చదివితే గురువు తల ఊపడమే ఆమోదం. ఆపైన గురువు పేరుతో ఎక్కడైనా చెప్పుకోవచ్చు. కానీ చివరి ఏడాది సల్త్‌కు మతి లేదు. రైతా ఆ సంగతి దాచింది. గడ్డం దువ్వి, తలపాగా చుట్టి, రోజూ గుమ్మంలో కూర్చోబెట్టింది. హిర్మాస్ చదువుతున్నప్పుడు తెర వెనకే ఉంది. ఏడు కుండలూ విని నోరు మెదపలేదు.

మర్నాడు కూఫా నుంచి ముఅర్రిజ్ వచ్చాడు. ఎవరి మాట నమ్మదగినదో ఊరూరా తిరిగి విచారించి రాసుకోవడం అతని పని.

"పెద్దమ్మా, హిర్మాస్ మీ ఇంట్లో చదివాడటగా?"

"చదివాడు నాయనా."

"మీ ఆయన తల ఊపాడా?"

"ఊపాడు. ఉప్పుచేప తియ్యగా ఉందా అన్నా ఊపేవాడు. నువ్వు మేకవా అన్నా ఊపేవాడు."

అతని కలం ఆగింది. "ఎప్పట్నుంచి? ఆలోచించి చెప్పమ్మా. ఆ రోజు నుంచి ఆయన దగ్గర ఎవరు విన్నదైనా కొట్టేస్తాను, హిర్మాస్‌ది ఒక్కటే కాదు. ఆయన పేరు పక్కన మతి చెదిరిందని కూడా రాస్తాను."

వాసిత్ నుంచి నడిచొచ్చి, వారం రోజులు ఒక్కో మాటా సరిచూసుకుపోయిన కుంటి శిష్యుడు హుబైష్ ఆమెకు గుర్తొచ్చాడు. అతను చదివినవన్నీ నిజమైనవే. అతను వచ్చింది హిర్మాస్ కంటే మూడు నెలల ముందు. అబద్ధమైనా హిర్మాస్ వచ్చిన నెల పేరు చెబితే హుబైష్ మాటలు దక్కుతాయి. ఆ నెల పేరు నాలుక మీదకొచ్చింది. దాని వెనకే హిర్మాస్ గడ్డం నూనె వాసన కూడా.

"పోయినేడు ఖర్జూరం కోతల నుంచి," అంది. హుబైష్ వచ్చింది ఆ తర్వాతే.

"ఇన్నాళ్లూ ఎందుకు దాచావు పెద్దమ్మా?"

"గుమ్మంలో నలుగురి చెప్పులు కనబడుతుంటే నాకు బాగుండేది. ఎంత నీచమో చూడు."

ముఅర్రిజ్ తల దించుకున్నాడు. "ఈ మాట ఎవరి నోట విన్నానని రాయను?"

"సల్త్ భార్య రైతా చెప్పిందని రాయి. తెలిసీ ఊరుకుందని కూడా రాయి."

అతను మొదటిది రాశాడు. రెండోది రాసేదాకా ఆమె అతని చెయ్యి వంకే చూస్తూ కూచుంది.