తవుడు రాసిన ఎలుక

నా చిన్నప్పుడు మా తాతయ్య తొందరపాటు వల్ల ఒక తెల్లెలుక చచ్చిపోయిందని మా బంధువుల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. అది అబద్ధమని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను.

గుడివాడలో కేబుల్ టీవీ కొత్తగా వస్తున్న రోజులు. అమ్మవాళ్ల నాన్న, మా తాతయ్య, రైసుమిల్లు పని మానేశాక వసారాలో జాలీ పెట్టె పెట్టి నాలుగు తెల్లెలుకల్ని పెంచేవారు. బావ మా మేనమామ కొడుకు, నా ఈడువాడే. నేను బడి ఎగ్గొట్టి మ్యాట్నీకి వెళ్లిన సంగతి వాడు నాన్నకు చెప్పేశాడు. నాన్న వీధిలోనే బెల్టు తీశారు. చూస్తున్నవాళ్లలో బావ నవ్వడం నాకు కనిపించింది. ఆ నవ్వుకు బదులు తీర్చుకోవాలన్న కసితో నాకు అన్నం సయించలేదు.

ఇంతలో బావ రెండు ఎలుకల్ని కొనిపించుకున్నాడు. "కొత్తపెళ్లికూతుళ్లురా, చేతులు కడుక్కుని ముట్టుకో" అన్నాడు నాతో. తాతయ్య వాటిని వెంటనే పాతవాటితో కలపలేదు. పక్కన వేరే పెట్టెలో ఉంచి, రోజూ ఇందులో గడ్డి అందులోకి, అందులోది ఇందులోకి మార్చేవారు. "పుట్టింటి వాసన పోవద్దట్రా?" అని నవ్వేవారు. కలిపే రోజున పెద్ద పెట్టె కడిగి ఎండబెట్టి, కొత్త గడ్డి పరిచి, ఆరు ఎలుకలకీ మిల్లు తవుడు రాశారు. అన్నీ ఒకే వాసన వేస్తే పాతదేదో కొత్తదేదో వాటికే తెలియదట.

ఆయన చేతులు కడుక్కోవడానికి వెళ్లినప్పుడు, అమ్మ ముఖానికి రాసుకునే పౌడరు తెచ్చి బావ ఎలుకల్లో చిన్నదాని వీపుకు దట్టంగా రుద్దాను. తెల్లటి ఒంటి మీద అది ఎవరికీ కనిపించలేదు.

పెట్టెలో వదలగానే పాతవి నాలుగూ దాని మీద పడ్డాయి. తాతయ్య బయటికి తీసేలోపే మెడ కొరికేశాయి. బావ దాన్ని దోసిట్లో పెట్టుకుని ఏడుస్తుంటే నాకు హాయిగా అనిపించింది. ఇది కూడా రాయాలి.

తాతయ్య దాన్ని అందుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నారు. తర్వాత నా చేతుల వైపు చూశారు.

"నాదే తప్పురా, తొందరపడ్డాను" అన్నారు బావతో.

"నువ్వే చంపేశావు తాతయ్యా" అన్నాడు బావ. ఆ తర్వాత చాలాకాలం ఆయన పిలిచినా పలకలేదు.

తాతయ్య నన్ను మాత్రం ఒక్క మాట అనలేదు. వారం పోయాక, మళ్లీ వేరుగా ఉంచిన రెండో కొత్త ఎలుకను నా చేతిలో పెట్టి, తవుడు డబ్బా ముందుకు జరిపి, "ఈసారి నువ్వు రాయి" అన్నారు. అది నా వేళ్ల మధ్య వణికింది. చెవుల వెనక దాకా రాశాను. పాతవి దాన్ని వాసన చూసి, కాస్త జరిగి, తమ మధ్య చోటిచ్చాయి. నాకు ఏడుపు అప్పుడొచ్చింది.

తాతయ్య పోయి చాలా ఏళ్లయింది. పెళ్లిళ్లలో బావ ఇప్పటికీ ఆయన చంపిన ఎలుక కథ చెప్పి నవ్విస్తాడు. నేనూ నవ్వుతాను, చేతులు జేబుల్లో పెట్టుకుని. బావా, ఈసారి ఆ కథ చెప్పేటప్పుడు ఆయన పేరు తీసేసి నా పేరు పెట్టు.