రెండో భాగం అవతలి గట్టున

దివిసీమలో మా ఊరికి పుస్తకాలు పడవ మీద వచ్చేవి. నెలకోసారి పుస్తకాల పడవ మా రేవులో ఆగితే, చదివింది ఇచ్చి కొత్తది తీసుకునేవాళ్ళం. వేసవిలో కాలవ కట్టేసేవారు గనక, ఆఖరి పడవలో ఏది దొరికితే దానితోనే మళ్ళీ నీళ్ళు వదిలేదాకా గడపాలి. ఆ ఏడు నాకు ఒక నవల మొదటి భాగం దొరికింది. రెండో భాగం అవతలి గట్టు ఊళ్ళో ఎవరో తీసేసుకున్నారట.

ఇంకో ఏడైతే ఓపిక పట్టేదాన్నేమో. కానీ ఆసారి కాలవకు నీళ్ళు రాగానే నన్ను బందరుకు కాపురానికి పంపాలని పెద్దలు నిశ్చయించారు. ఆడది పుస్తకం పట్టుకుంటే ఇంటికి అరిష్టమని మా అత్తగారి నమ్మకం. పెళ్ళిచూపుల్లోనే ఆ మాట చెప్పేశారు. అంటే నాకు ఇదే ఆఖరి నవల. అందులో ఒక పిల్ల తుఫానులో తప్పిపోయింది. తల్లి వెతుక్కుంటూ ఇల్లు విడిచి బయల్దేరింది. సరిగ్గా అక్కడ మొదటి భాగం అయిపోయింది! ఆ పిల్ల దొరికిందో లేదో తెలియకుండా ఎలా వెళ్ళను?

కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగాను. మాగాయ ముక్కలకు కాపలా కూర్చోమని అమ్మ చెబితే, చాప పక్కనే కూర్చుని ఆఖరి పేజీలు మళ్ళీ మళ్ళీ చదివాను. ముక్కలు కాకుల పాలయ్యాయి. చివరికి ఉండబట్టలేక, చెలమ నీళ్ళకని బిందె పట్టుకుని ఎండిన కాలవలోకి దిగి, బిందె అక్కడే వదిలేసి అవతలి గట్టెక్కాను.

రెండో భాగం తీసుకున్నది బందరు కోర్టులో గుమాస్తాగా చేసి ఇంటిపట్టున ఉంటున్న ముసలాయన. అందరికీ తాతగారే. తడిపిన వట్టివేళ్ళ తడిక పక్కన పడక్కుర్చీలో వాలి, నిమ్మకు నీరెత్తినట్టు చదువుకుంటున్నారు. రెండు పేజీలు చదవడం, పుస్తకం గుండెల మీద బోర్లించుకుని కళ్ళు మూసుకోవడం. చూడ్డానికి ఎంతో హాయిగా ఉంది. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది.

"ఎంతదాకా వచ్చిందండీ తాతగారూ?"

"ఇప్పుడేగా మొదలెట్టాను. వేసవంతా రావద్దూ?"

"మొదటి భాగం చదవకుండా రెండోది ఎలా చదువుతున్నారండీ?"

"అది నీళ్ళొచ్చాక చదువుతాలే. నిదానమే ప్రధానమన్నారు."

"ఆలస్యం అమృతం విషం అని కూడా అన్నారండీ!"

ఆయన పకపకా నవ్వి మళ్ళీ కళ్ళు మూసుకున్నారు.

వీలు దొరికినప్పుడల్లా వెళ్ళేదాన్ని. పిల్ల సంగతేమిటని అడిగితే, తల్లి బస చేసిన సత్రంలో చారు ఎంత బాగుందో చెప్పేవారు. చివరి పేజీ ఒక్కసారి తిప్పి చూడమంటే, "తప్పమ్మాయ్!" అని కసిరేవారు. ఎవరి ఇంట్లోకో తొంగి చూడమన్నానా ఏమిటి!

బెజవాడలో నీళ్ళు వదిలారని కబురు వచ్చాక పరుగెత్తుకుంటూ వెళ్ళాను. కాలవలో అప్పటికే పాదాలు మునుగుతున్నాయి. ఆయనకు ఇంకా పావు వంతు పుస్తకం మిగిలే ఉంది. ఇక నావల్ల కాలేదు.

"నన్ను కాపురానికి పంపించేస్తున్నారండీ. అక్కడ పుస్తకం ముట్టనివ్వరు. ఇంకెప్పుడూ చదవలేనండీ," అని బావురుమన్నాను.

"ముందే చెప్పవేమే పిచ్చిపిల్లా!" అన్నారాయన. గుర్తుకని పెట్టుకున్న కొబ్బరి ఈనె తీసేసి, పుస్తకం నా చేతిలో పెట్టారు. "నువ్వు చదివాక పడవ వాళ్ళకిచ్చెయ్."

"మరి మీకు మిగిలిందో?"

"నాదేముంది, మళ్ళీ వేసవికి చదువుకుంటాను," అన్నారు మామూలుగా. తర్వాత నా మొహం చూసి, "నీళ్ళు పెరగకముందే కాలవ దాటెయ్," అన్నారు.

ఇంటికొచ్చి, అన్నానికి కూడా లేవకుండా చదివేశాను. పిల్ల దొరికింది. తల్లి దాన్ని గుండెలకు హత్తుకుని ఇంటికి తెచ్చుకుంది. సంతోషించవలసింది పోయి, నాకు పట్టలేనంత కోపం వచ్చింది. పక్క గదిలో మా అమ్మేమో నన్ను పంపడానికి పెట్టె సర్దుతోంది.