బండ మీద వణికిన వెలుగు

మొన్న బెంగళూరు బెళ్ళందూరులో మా చిన్నాడపడుచు గృహప్రవేశానికి వెళ్తూ ట్రాఫిక్‌లో ఆగినప్పుడు, పక్కనున్న అద్దాల మేడ మీద ‘క్వాంటం’ అన్న మాట పెద్ద పెద్ద అక్షరాల్లో కనిపించింది. నేను ఆ మాట పలికితే మా ఇంట్లోవాళ్ళే వింతగా చూసిన కాలం ఒకటుండేదని, మీలో నా వయసువాళ్ళతోనైనా చెప్పుకోవాలనిపించింది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, ఫిజిక్స్ ఎమ్మెస్సీ చేసి ఉద్యోగం కోసం తిరుగుతున్న నన్ను చేర్చుకున్నది ఒక అన్నాచెల్లెళ్ళ చిన్న కంపెనీ. తరాల కిందటే బెంగళూరులో స్థిరపడిన తెలుగు కుటుంబం వాళ్ళది. అన్నగారిని సారనీ, ఎలక్ట్రానిక్స్ చూసుకునే చెల్లెల్ని అక్కా అనీ పిలిచేదాన్ని. వెలుగును ఒక్కొక్క కణంగా పంపి, దారిలో ఎవరైనా దొంగచాటుగా చూస్తే వెంటనే తెలిసిపోయేలా రహస్య సందేశాలు చేరవేసే క్వాంటం యంత్రం చేయాలన్నది వాళ్ళ పట్టుదల. యంత్రాన్ని అమర్చిన బల్ల వెంట్రుకవాసి కదిలినా ఆ వెలుగు గురి తప్పుతుంది. అందుకే నీలగిరి తోపుల మధ్య సద్దు లేకుండా ఉండే బ్రూక్‌ఫీల్డ్‌లో ఇల్లు అద్దెకు తీసుకుని, విదేశీ బల్ల తెప్పించుకోలేక, గాలి నింపిన స్కూటర్ ట్యూబుల మీద పెద్ద గ్రానైటు బండను పరిచారు. మధ్యాహ్నం అందరికీ సంగటి వడ్డించే అక్క, ఆ బండ మీద మంచినీళ్ళ గ్లాసు కూడా పెట్టనిచ్చేది కాదు.

యంత్రం సరిగ్గా పలకడం మొదలైన కొద్ది వారాలకే పక్క స్థలంలో ఏదో మేడకు పునాదులు దింపడం మొదలైంది. దెబ్బ పడినప్పుడల్లా, గురి సరిచూసుకునే మా వెలుగు చుక్క చలిజ్వరం వచ్చినట్టు వణికేది. సారు వెళ్ళి బతిమాలితే అక్కడి మేస్త్రీ మర్యాదగానే టీ తెప్పించి, “నా చేతిలో ఏముండాది సార్, పైవాళ్ళు చెప్పినట్ల చేసేదే” అన్నాడట. ఆ పైవాళ్ళెవరో మాకు చివరిదాకా తెలియలేదు. ట్యూబులు మార్చాం, కింద ఇసుక పోశాం, పక్కన పని ఆగే ఆదివారాల కోసం కాచుకుని పనిచేశాం.

మా కంపెనీలో డబ్బు పెట్టాలా వద్దా అని తేల్చే పెద్దలు మాత్రం పనిరోజునే వచ్చారు. వాళ్ళ ముందు చుక్క ఒక్క క్షణం నిలవలేదు. అక్క కళ్ళలో నీళ్ళు నింపుకుని మరలు తిప్పుతూనే ఉంది. సారు, బెదిరిన ఆవును నిమిరినట్టు రెండరచేతులూ బండకు ఆనించి, “ఒక్క గడియ నిలబడప్పా” అన్నారు, ఎవరికీ వినబడకూడదన్నంత మెల్లగా. పక్కనే ఉన్నాను గనుక నాకు వినబడింది. వచ్చినవాళ్ళు పరుషంగా ఒక్క మాటైనా అనలేదు. కాఫీ తాగి వెళ్ళిపోయారు, మళ్ళీ రాలేదు.

కంపెనీ మూతపడింది. అక్క ఒక కాలేజీలో పాఠాలు చెప్పుకుంది, సారు బొమ్మసంద్రలో ఓ ఫ్యాక్టరీలో చేరారు. ఒకసారి సారును చూడబోయినప్పుడు, ఆ మేడ కట్టినవాళ్ళ మీద కోపం రాలేదా అని అడిగాను. “ఎవురి మీదమ్మా కోపం? ఊరు పెరగతా ఉండాది. మనం దాని దావకి అడ్డంగా కూసున్నాం” అన్నారు. ఆ తర్వాత కొన్నేళ్ళకే పోయారు.

ఈ తరం పిల్లలు అదే పనికి నేల అడుగున, అదురు తగలని గదులు కట్టుకుంటున్నారని విని సంతోషిస్తాను. కదలని చోటు కావాలంటే ఎవరిని అడగాలో వాళ్ళకు తెలుసు. మాకు అడగడానికే మనిషి దొరకలేదు.