అచ్చులో పడిన బావి

తనకల్లు దగ్గర మా అత్తవారి ఊళ్ళో, విత్తనానికి చెనక్కాయలు ఒలవడానికి వచ్చే ఆడవాళ్ళకు దెయ్యాల కథల పుస్తకం చదివి వినిపించమన్నది మా అత్త. కథ వింటున్నంతసేపూ నోరు తెరుచుకుని కూర్చుంటారు గానీ విత్తనాలు నమలరని ఆమె ఎత్తు. యాభైల నాటి మాట. ఆ ఇంట్లో చదువు వచ్చిన ఆడది కొత్త కోడలినైన నేనొక్కతెనే. చదివాను. అబద్ధమెందుకు, నాకూ సరదాగానే ఉండేది.

ఐదో కథతో వచ్చింది తంటా. అందులో బావిలో పడి చచ్చిన ఇల్లాలు, నీళ్ళు చేదేవాళ్ళ తాడు పట్టుకుని కిందినుంచి లాగుతుంది. మర్నాడు మా తోటబావికి ఒక్కరూ రాలేదు. ఆ ఏడు వానలు లేక ఊళ్ళో బావులన్నీ ఎండిపోయి, నీళ్ళున్నది మా బావిలోనే. దాన్ని వదిలేసి రెండు మైళ్ళ అవతల వంకలో ఇసక తవ్వి చెలమనీళ్ళు తోడుకోవడానికి పోయారు. వాళ్ళలో మా ఇంటికి పనికొచ్చే మనిషి ఒకతె నెలలు నిండి ఉంది. ఆ పొట్టతో, ఆ ఎండలో, నెత్తిన కడవ. చూసి నాకు ఒళ్ళు మండిపోయింది.

అది ఎవరో ఇంట్లో కూర్చుని అల్లిన కథ అని గొంతు పోయేలా చెప్పాను. ఆమె నింపాదిగా, "అచ్చేసినారు గదక్కా. లేంది యాడన్నా అచ్చేస్తారా?" అంది. వాళ్ళు చూసిన అచ్చుకాగితమల్లా తాలూకా కచేరీ నోటీసే. అందులో ఉన్నది జరిగి తీరేది. ఇక నేనేం చెప్పను?

విసుగెత్తి ఆమె కడవే లాక్కుని, మిట్టమధ్యాహ్నం ఒక్కదాన్నే బావికి పోయాను. కడవ మునిగింది. లాగితే రాలేదు. రాతిసందులో ఇరుక్కుని ఉంటుంది, ఇప్పటికీ అదే అంటాను. కానీ అప్పుడు మాత్రం తాడు వదిలేసి ఇంటిదాకా పరుగెత్తాను.

మర్నాడు మా ఇంటి బిందెలు రెండు పట్టుకుని వంకకు పోయాను. ఆమె చెలమ పక్కన ఆయాసపడుతూ కూర్చుని ఉంది.

"లాగినాదా అక్కా?"

లేదన్నాను.

"మరి ఈడికెందుకొస్తివి?"

రెండు బిందెలూ నింపి, ఒకటి నెత్తిన, ఒకటి చంకన పెట్టుకుని ఆమె వెనకే వాళ్ళ ఇంటిదాకా నడిచాను.