ఇంకా రాని మాట

మా మణికంఠ బావకి అమలాపురంలో సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టుంది. తీరిక దొరికితే లోజ్‌బాన్ నేర్చుకుంటాడు. తర్కానికి లొంగి ఉండాలని కొందరు కూర్చుని కల్పించిన భాష అది. ఎవరితో మాట్లాడతావయ్యా అంటే నవ్వుతాడు.

కూతురు జాహ్నవికి మూడేళ్లు నిండినా మాటలు రాలేదు. చెవులు బాగానే ఉన్నాయి, మాట్లాడగలదు అన్నారు డాక్టరుగారు. అడిగేవాళ్ల నోళ్లకి మాత్రం తాళం లేదు. వచ్చాయంటే అబద్ధం. రాలేదనడానికి బావకి మనసొప్పేది కాదు.

అందుకని "నుహొ అండి" అనేవాడు. చేయగలిగి ఇంకా చేయనిదాన్ని లోజ్‌బాన్‌లో నుహొ అంటారు. చేయగలిగి, చేసేసినదాన్ని పుహి అంటారు. ఒళ్లో కూర్చున్న పాప రోజూ ఆ జవాబు వినేది.

మొన్న పక్కింటి లోవమ్మగారు ఫోను బాగుచేయించుకోవడానికి వచ్చి, "పాపకి మాటలొచ్చేయాండి?" అని అడిగారు.

బావ నోరు తెరిచేలోగా, "నుహొ" అంది జాహ్నవి.

బావ విప్పిన ఫోను పక్కనపెట్టి, పాపని తనవైపు తిప్పుకున్నాడు.

"కాదు తల్లీ," అన్నాడు. "ఇంక పుహి."