ఇసుక కడిగిన డ్రమ్ము

వెనిగర్ చుక్క పడగానే తెల్ల ఇసుక సన్నగా బుసకొట్టింది. చెవి దగ్గర పెట్టుకుంటే తప్ప వినపడనంత చిన్న చప్పుడు. మా నూజివీడు కాలేజీ జువాలజీ ల్యాబులో పగడాల కోసం కొత్తగా ఉప్పునీటి ట్యాంకు పెడుతున్నాం. దాని అడుగున ఏం పరవాలో తేల్చుకోడానికి రెండు రకాల ఇసుకని రెండు గాజు పళ్ళేల్లో పోసి చూస్తున్నాను. ఏటి ఇసుక ఉలకలేదు, పలకలేదు. గవ్వలూ పగడాలూ అరిగి తయారైన తెల్ల ఇసుక మాత్రం నురగ కక్కింది. అంటే అందులో సున్నం ఉంది, నీళ్ళు పులుపు తిరగకుండా కాస్తుంది. ఇది నా సొంత తెలివేం కాదు. ఆ చప్పుడు వినడం నేర్పింది దానియేలు మాస్టారు.

పక్కనే నిలబడి చూస్తున్న బోటనీ లెక్చరర్ సునీత, "ఇంత ఇసుక ఈ సింకులో ఎక్కడ కడుగుతారు మేడమ్? మా తోటలో పెద్ద డ్రమ్ముంది, రేపు ఆటోలో వేయించి పంపిస్తా" అంది. "వద్దు" అన్నాను. గట్టిగానే అని ఉంటాను, పిల్ల ముఖం చిన్నబోయింది. ఎందుకు వద్దో చెప్పాలంటే మాస్టారి గురించి చెప్పాలి. ఆ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

తొమ్మిదో తరగతిలో ఆయన మాకు సైన్సు చెప్పేవారు. పొడవాటి మనిషి, చొక్కా జేబు నిండా సుద్దముక్కలు. ఒకరోజు సుద్దముక్క, గుడ్డు పెంకు, గవ్వ అన్నీ ఒకటే పదార్థమని చెప్తుంటే లేచి నిలబడ్డాను. "కాదండీ. మామిడికాయ రసంలో వేసి చూశాను. గుడ్డు పెంకు పొంగింది, సుద్దముక్క పొంగలేదు." క్లాసంతా నవ్వింది. మాస్టారు నవ్వలేదు. "నువ్వు చెప్తే ఒప్పుకోను, నేను చెప్తే నువ్వూ ఒప్పుకోకు. చూద్దాం పట్టు" అని వెనిగర్ సీసా తెప్పించారు. సుద్దముక్క తడిసి ఊరుకుంది; బోర్డు మీద రాసే సుద్ద గవ్వలాంటి సున్నం కాదు, జిప్సం. ఆయన దాన్ని కాసేపు చూసి, మరో ముక్క తీసుకుని బోర్డు మీద పెద్దక్షరాలతో రాశారు: ‘నాగమణి చెప్పింది నిజం. తప్పు నాది.’ ఆ పీరియడ్ అయ్యేదాకా చెరపలేదు. నేను ఆ రోజు గెలుపు మాత్రమే ఇంటికి తీసుకెళ్ళాను. రెండో వాక్యాన్ని అక్కడే వదిలేశాను.

రిటైరయ్యాక ఆయన మా వీధిలోనే ఉండేవారు. ఆదివారం ఆరాధన అయిపోగానే చర్చి వరండాలో పిల్లల్ని కూర్చోబెట్టి ప్రయోగాలు చేయించేవారు. ప్రతిదీ కొలిపించేవారు. ఎప్పుడో టీచర్లతో కలిసి రామేశ్వరం వైపు వెళ్ళినప్పుడు గాజు అడుగున్న పడవలోంచి పగడాల్ని చూశారట. "రాయనుకున్నానమ్మా. తీరా చూస్తే బతికున్నదే!" అని ఎన్నిసార్లు చెప్పారో. అందుకే డెబ్భై దాటాక ముందు గదిలో నాలుగడుగుల ట్యాంకు పెట్టుకున్నారు. ముందు నత్తలూ రొయ్యలూ కుదురుకుంటే, ఆ తర్వాత పగడాలని లెక్క.

అడుగున ఏం వెయ్యాలనే దగ్గర మా ఇద్దరికీ యుద్ధం. "ఏమీ వెయ్యను. ఉత్త గాజే. మురికి కనపడుతుంది, తీసెయ్యొచ్చు" అన్నారు.

"అదేం సముద్రమండీ, ఆపరేషన్ బల్లలాగా! ఇసుక లేకపోతే మురికిని తినే సూక్ష్మజీవులు ఎక్కడుంటాయి, మీ జేబులోనా?"

"ఇసుకలో దాక్కున్నది మనకి కనపడదే."

"కనపడకపోతే లేనట్టా? మీ దేవుడు కనపడుతున్నాడా?"

పగలబడి నవ్వి చేతులెత్తేశారు. "సరే, ఓడిపోయా. కానీ ముతక ముక్కలొద్దు, సందుల్లో కుళ్ళు చేరుద్ది. సన్న ఇసుక తీసుకో. కొత్త బకెట్లు కొని కడుగు. ఇంట్లో వాడినవి వద్దు తల్లీ."

నాలుగు బస్తాల ఇసుకని బకెట్లలో ఎవరు కడుగుతారు? రెడ్డిగూడెంలో మా అన్నయ్య మామిడి తోట ఉంది, బోరు ఉంది, అక్కడే నీలం రంగు ప్లాస్టిక్ డ్రమ్మూ ఉంది. సబ్బు తగలనిదే కదా అనుకున్నాను. ఇసుకని ఓ పూటంతా అందులోనే నానేసి, పాలలాంటి నీళ్ళు తేటపడేదాకా మూడుసార్లు కడిగాను. మాస్టారు బకెట్ల గురించి అడిగితే "కొత్తవేనండీ" అన్నాను. అబద్ధమన్న స్పృహ కూడా లేదు.

ఇసుకలో సూక్ష్మజీవులు కుదురుకునేదాకా నెలపాటు ఆయన ఖాళీ నీళ్ళ ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నారు. తర్వాత రెండు నారింజ రంగు చేపలు, కొన్ని నత్తలు, వీపున ఎర్ర చారలున్న ఒక రొయ్య వచ్చాయి. వేలు ముంచితే ఆ రొయ్య వచ్చి గోరు శుభ్రం చేసేది. ఆయన చిన్నపిల్లాడిలా "నాగమణీ, చూడు, చూడు" అని కేకేసేవారు. పది రోజులు తిరక్కుండానే నత్తలు వెల్లకిలా పడ్డాయి. తర్వాత రొయ్య. నీళ్ళు మార్చి కొత్తవి తెచ్చారు, అవీ పోయాయి. చేపలు మాత్రం హాయిగా తిరుగుతున్నాయి.

ఆ వారమే తోటకి వెళ్తే, అన్నయ్య కొమ్మలు ఎండే తెగులుకి మందు కలుపుతున్నాడు. అదే డ్రమ్ము. మైలుతుత్తం, సున్నం. "ఇందులోనా కలిపేది?" అన్నాను.

"ఇందులో కాక నీ నెత్తిన కలపనా? ఏళ్ళ తరబడి ఇందులోనే."

నీలం డ్రమ్ములో నీలం మరక ఎవరికి కనపడుతుంది? మైలుతుత్తమంటే రాగి. చేప తట్టుకునే రాగికి రొయ్యా నత్తా బతకవు. సున్నపు ఇసుక దాన్ని పట్టుకుని కొంచెం కొంచెంగా వదులుతూనే ఉంటుంది. జువాలజీలో ఎమ్మెస్సీ చేసినదాన్ని, నాకు ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

చెప్పేద్దామనే తిన్నగా ఆయన ఇంటికి వెళ్ళాను. ఆయన గొట్టం పెట్టి ట్యాంకు ఖాళీ చేస్తున్నారు. "నా కళ్ళేనమ్మా" అన్నారు. "ఉప్పు కొలిచేటప్పుడు గీత తప్పు చదివుంటాను. పాపం, మూగజీవాలు." మాట నా నాలుక మీదే ఉంది. బయటికి మాత్రం ఇంకొకటి వచ్చింది: "కళ్ళద్దాలు మార్చండి మాస్టారూ అని ఆర్నెల్ల నుంచి మొత్తుకుంటున్నా. వింటేగా!" ఆయన తలూపారు. వాదనలో నేను మళ్ళీ గెలిచాను.

ట్యాంకు పోతే పోయింది. ఆ తర్వాతి ఆదివారం నుంచి చర్చి వరండాలో ప్రయోగాలు ఆగిపోయాయి. అదేమంటే, "గీత చదవలేనివాడు పిల్లలకి కొలతలేం నేర్పుతాడమ్మా" అన్నారు. అద్దాలు మార్చారు, అయినా మళ్ళీ మొదలుపెట్టలేదు. కొట్లో పప్పు తూచినా పక్కవాణ్ణి "ముల్లు ఎక్కడుంది బాబూ" అని అడిగేవారు. నాలుగు క్రిస్మస్‌లకి వాళ్ళింట్లో కేకు తిన్నాను, కరెంటు బిల్లు మీదా ఎలక్షన్ల మీదా పోట్లాడాను. ఆ ఒక్కటీ చెప్పలేదు. పెద్దాయన మర్చిపోయి ఉంటారులే అని నాకు నేనే చెప్పుకున్నాను. నిరుడు కాయ కోతలప్పుడు ఆయన కన్నుమూశారు. సమాధి దగ్గర ఎవరో "చివర్లో చూపు మందగించింది పాపం" అంటుంటే, నోరున్న ఆడదాన్నని ఊరంతా పేరున్న నేను, మట్టి వేసి వచ్చేశాను.

సునీత అంతా విని, "ఆయనకి ఒక్క మాట చెప్పాల్సింది మేడమ్" అంది. అవును, చెప్పాల్సింది. ఇప్పుడు క్లాసులో నా మాట తప్పని తేలితే బోర్డు మీద ‘తప్పు నాది’ అని రాసి, గంట కొట్టేదాకా ఉంచుతున్నాను. రాయడం అంత కష్టమేమీ కాదు. చదవాల్సిన మనిషి ఉన్నప్పుడు రాయలేదు, అంతే.

సాయంత్రం కొత్త బకెట్లు రెండు కొనుక్కొచ్చి కడగడం మొదలుపెట్టాను. కొంచెం ఇసుక, కొంచెం నీళ్ళు. కాసేపటికి సునీత వంగి చూసి, "చాలు మేడమ్, అద్దంలా ఉన్నాయి" అంది.

ఆ రోజు డ్రమ్ములో కూడా అద్దంలాగే ఉన్నాయి. బకెట్లో నీళ్ళు ఒంపేసి మళ్ళీ పోశాను.