మాడుగుల దారిలో పిప్పి కచేరీ

రాజమండ్రిలో నేను చాలా ఏళ్లుగా వీణ నేర్పుతున్నాను. కిందటి దీపావళి తర్వాత, నా దగ్గర నేర్చుకునే ఒక బ్యాంకు ఉద్యోగిని ఫోనులో ఏదో పంపి, "టీచర్, ఇది సంగీతమేనా? మీరే తేల్చాలి" అంది. వంటింట్లో పని చేసుకుంటూ పెట్టాను. పాట లేదు, తాళం లేదు. ఏదో కుతకుత ఉడుకుతున్న చప్పుడు, దాని అడుగున ఇనుము మూలిగినట్టు ఒక నాదం. అర నిమిషంలో కట్టేశాను. సాయంత్రం వీణ శ్రుతి చేసుకుంటుంటే ఆ మూలుగే చెవిలో తిరిగింది. మళ్లీ పెట్టుకుని చివరిదాకా విన్నాను. ఏమీ తేల్చలేకపోయాను.

అది వాయించింది అనకాపల్లి అమ్మాయిలిద్దరు. వాళ్ల జంట పేరు 'పిప్పి'. ఫిబ్రవరిలో ఒక శనివారం సాయంత్రం ఆ ఊళ్లోనే ఒక ఫంక్షన్ హాల్లో వాయిస్తున్నారని తెలిసి ప్రయాణం పెట్టుకున్నాను. "వీణ పంతులమ్మ డీజే వినడానికి వెళ్తోందట" అని మా వీధిలో నవ్వుకున్నారు. నవ్వుకోమన్నాను.

శనివారం పొద్దున విశాఖ వైపు వెళ్లే రైల్లో సెకండ్ సిట్టింగ్ టికెట్. స్టేషను బయట కొన్న ఇడ్లీ పొట్లం సామర్లకోట రాకముందే ఖాళీ చేశాను. ఎదురు సీట్లో కిరాణా వ్యాపారి ఒకాయన "ఎంతవరకండీ?" అని పలకరించారు. అనకాపల్లి అన్నాను. "బెల్లానికా?" అన్నారు. కచేరీకి అంటే ఆయన నమ్మలేదు. "అక్కడ పొద్దున మార్కెట్లో వేలం పాట తప్ప వేరే పాట నేనెరగనండీ" అన్నారు. అన్నవరం, తుని దాటాక కిటికీలోంచి చెరకు తోటలు, వాటి మధ్య అక్కడక్కడా గానుగల పొగ కనపడ్డాయి. రైలు కాస్త ఆలస్యంగా, పన్నెండు దాటాక దింపింది.

స్టేషనుకి దగ్గర్లోనే ఒక లాడ్జిలో దిగి, స్నానం చేసి, పక్క హోటల్లో భోజనం చేశాను. వంకాయ బెల్లం పులుసు బాగుంది. అక్కణ్ణుంచి ఆటో ఎక్కి, ఆ అమ్మాయిలని ఫోనులో ముందే అడిగి పెట్టుకున్న గుర్తుల ప్రకారం మైకు సెట్లు అద్దెకిచ్చే కొట్టు దగ్గర దిగాను. ఆ కొట్టు రెహానా వాళ్ల నాన్నది. జంటలో ఒకరు రెహానా. రెండో అమ్మాయి సత్యవతి, మాడుగుల దారిలో ఒక పల్లెలో చెరకు రైతు కూతురు. ఇద్దరికీ పాతికేళ్లుంటాయి.

నేను వెళ్లేసరికి ఇద్దరూ నేలమీద కూర్చుని వైర్లు చుడుతున్నారు. రెహానా లేచి కుర్చీ తుడిచి వేసింది.

"మీకు ఫోన్ సేద్దామనుకుంతన్నాం మేడమ్. హాలు లేదు. పొద్దున్నే ఓనరు వద్దనేసేడు."

"ఎందుకని?"

"పోయినసారి సగం మంది మధ్యలో లేచెళ్లిపోయేరట. హాలుకి సెడ్డపేరట. డాన్సు పాటలు పెడతామంటే తలుపు తీత్తాడట."

సత్యవతి తల ఎత్తకుండానే, "తీయక్కర్లేదు. మా గానుగకాడ వాయిత్తాం" అంది.

వచ్చేవాళ్లందరికీ అప్పటికే కబురు పంపేశారట. నేను తిరిగి రైలెక్కుతానని వాళ్లనుకున్నారు. నాకేమో సత్యవతి ఆ మాట అన్న తీరు చూశాక వెనక్కి వెళ్లాలనిపించలేదు. లాడ్జికి వెళ్లి సంచీ తెచ్చేసుకున్నాను. సామాను ఎక్కించే వ్యాను వచ్చేలోపు టీ తాగుతూ వాళ్ల కథ అడిగాను.

"మా నాన్న గానుగ ఇంజనుకి ఏదో రోగం వచ్చింది," అని సత్యవతి మొదలుపెట్టింది. "మెకానిక్కేమో ఏటైందో తెలీకుండా ఊరు రానన్నాడు. ఆ సప్పుడు ఫోన్లో రికార్డు సేసి ఈ వీధికి పట్టుకొచ్చేను. ఆడి షెడ్డు ఇదిగో, పక్కనే."

"నాను ఇక్కడ మా అబ్బాతోటి ఏంప్లిఫైరు రిపేరు సేత్తన్నాను," రెహానా అందుకుంది. "ఇదేటిది, పెద్ద బాక్సులో పెట్టి సూద్దామా అన్నాను. పెడితే వీధంతా అదిరిపోయింది."

"ఇంజను బాగయిందా?" అన్నాను.

"ఇంజను బాగయింది మేడమ్. రోగం మాకు పట్టుకుంది," అని ఇద్దరూ పడీ పడీ నవ్వారు.

రెహానా తన ఫోనులో మొదటి రోజుల పాట ఒకటి వినిపించింది. డీజిల్ ఇంజను టకటకని తాళంగా పెట్టి, పైన ఊరేగింపుల్లో వాయించే తవిటప్పల డప్పు లాంటి మోత కలిపారు. కూర్చున్న చోటే కాలు ఆడించాలనిపించేట్టుంది. గౌరీ పరమేశ్వరుల ఉత్సవాలకి, పెళ్లి ఊరేగింపులకి రెండేళ్లపాటు వీళ్లని తెగ పిలిచారట. తర్వాత సత్యవతికి విసుగు పుట్టింది. ఇంజను ఒక్కటే పాడుతుందా, బెల్లం వండే పెనంలో పాకం పాడదా అని అడిగింది. ఉడికే చెరకు రసం చప్పుడు రికార్డు చేసి, దాన్ని సాగదీసి, నెమ్మది చేసి చూశారు. నేను వంటింట్లో విన్నది ఆ రోజులదే. తాళం పోయింది. తాళంతోపాటు పిలిచేవాళ్లూ పోయారు.

"ఒక పెళ్లిలో పెద్దాయనొకడు మైకు లాక్కున్నాడు," అంది రెహానా. "'రసమంతా పిండేసి మాకు పిప్పి నమిలిత్తన్నారేటి' అన్నాడు. ఇంటికొచ్చి బాగా ఏడ్సేం. పొద్దున్నకి అదే పేరు పెట్టేసుకున్నాం."

"పిప్పి ఎండబెట్టి వేత్తేనే పొయ్యి మండుతాది. ఆడికది తెల్దు," అంది సత్యవతి.

హైదరాబాదు నుంచి ఒక కంపెనీవాళ్లు కూడా వచ్చి వెళ్లారట. లంగా ఓణీలు కట్టుకుని చెరకు తోటలో నిలబడమన్నారు, అర నిమిషం ముక్కలు చాలన్నారు, పాడటానికి వాళ్లే ఒకమ్మాయిని పంపిస్తామన్నారు. వీళ్లు ఆ కాగితాల మీద సంతకం చెయ్యలేదు. రెహానా వాళ్ల అమ్మ ఇప్పటికీ దానికి కూతురి మీద కోపంగానే ఉందట. ఆ సంగతి చెబుతున్నప్పుడు మాత్రం రెహానా నవ్వలేదు.

మూడు గంటలకి వ్యాను సామానుతో బయల్దేరింది. అందులో చోటు లేక నేనూ సత్యవతీ ఆర్టీసీ కాంప్లెక్సుకి వెళ్లి మాడుగుల బస్సు ఎక్కాం. చోడవరం దాకా నిలబడే వెళ్లాం. అక్కడ సీటు దొరికాక, మీ నాన్నగారు ఏమంటారని అడిగాను.

"ఏటీ అనడు. ఈ సంగతి నాతోటి మాటాడడు. ఇయ్యాల గానుగకాడ వాయిత్తామంటే, 'పొయ్యి ఆపను' అన్నాడు. అంతే."

రోడ్డు మీద దిగి పొలాల్లోంచి కొంత దూరం నడిస్తే గానుగ. పాకలో ఇంజను కొట్టుకుంటోంది. ఒకాయన గానుగలోకి చెరకు గెడలు అందిస్తున్నాడు. పొయ్యి మీద పెద్ద పెనంలో రసం పసుపుపచ్చగా పొంగుతోంది. సత్యవతి నాన్న దేముడునాయుడు గారు పొడుగాటి తెడ్డుతో మడ్డి తీస్తున్నారు. నన్ను చూసి తల ఊపి, లోటాతో చెరకు రసం ఇప్పించారు. మళ్లీ తెడ్డు అందుకున్నారు.

పాక బయట, చీలిపోయి మూలన పడేసిన పాత పెనం ఒకటి ఇటుకల మీద బోర్లించి ఉంది. ఇప్పటి వాళ్ల వాయిద్యం అదే. రెహానా స్పీకర్ల లోపలి భాగాలు విప్పి, వాటిని పెనం వీపుకి బిగించింది. కరెంటు ఇస్తే పెనమే మోగుతుంది. పక్కనే ఇనుముకి అంటించిన చిన్న మైకు. తాకినా, ఊదినా, దగ్గర్లో మాట్లాడినా పెనం దాన్ని పట్టుకుంటుంది. పట్టుకున్నదాన్ని సాగదీయడానికి, నిలపడానికి రెహానా పాత స్టెబిలైజరు డబ్బాలో సొంతంగా యంత్రం కట్టుకుంది. సత్యవతి ఒళ్లో లాప్‌టాప్.

ఎండ వాలేసరికి అనకాపల్లి నుంచి బస్సుల్లో, బైకుల మీద నలభైమంది దాకా వచ్చారు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు అంతకంటే ఎక్కువ. ఆడవాళ్లు పిప్పి కుప్పల మీద కూర్చున్నారు.

మొదట ఇంజను చప్పుడొక్కటే ఉంది. అది గానుగదే, నిజమైనదే. కాసేపటికి అదే చప్పుడు పెనంలోంచి కూడా రావడం మొదలైంది, ఒక అడుగు వెనకగా. తర్వాత సత్యవతి పాకం చప్పుడు కలిపింది. పాకలో నిజంగా పొంగుతున్న పెనం ఒకటి, బయట పొంగుతున్నట్టు మోగే పెనం ఇంకొకటి. రెండిటికీ మధ్య నా చెవి ఎక్కడో ఒకచోట షడ్జమం వెతుక్కుంది. దొరికిందనుకునేసరికి జారిపోయింది. ఈ వయసులో మళ్లీ మొదటి పాఠం చెప్పించుకుంటున్నట్టనిపించింది.

అంతలో వెనకనుంచి బైకుల మీద వచ్చిన నలుగురు కుర్రాళ్లు అరవడం మొదలుపెట్టారు.

"డీజే అన్నారు! డీజే ఏదీ?"

"ఓ సిస్టర్! బీట్ వెయ్!"

ముందున్న కొందరు నవ్వారు. ఇద్దరు ముగ్గురు లేచి వెళ్లిపోయారు. రెహానా వాళ్ల వైపు చూడలేదు. చప్పుడు పెంచుతుందనుకున్నాను, తగ్గించింది. ఇంకా తగ్గించింది. వినాలనుకున్నవాళ్లు పెనం దగ్గరికి జరగాల్సి వచ్చింది. జరిగారు. నేనూ జరిగాను.

"బీటూ!" అని ఎర్రచొక్కా కుర్రాడు ఈసారి గొంతు చించుకుని అరిచాడు.

పెనం ఆ అరుపుని పట్టుకుంది. రెహానా దాన్ని వదల్లేదు. "బీ..." అనే ఒక్క అక్షరం సాగి సాగి, ఎద్దు రంకెలా కిందికి దిగి, పెనం పొట్టలోంచి ఊళ్లో వినపడేంత నిండుగా లేచింది. పిప్పి మీద కూర్చున్న ముసలమ్మలు ముందు నవ్వారు, తర్వాత అందరూ నవ్వారు.

కుర్రాడు బైకు దిగి ముందుకొచ్చాడు. "నన్ను ఎక్కిరిత్తన్నారేటి?"

సత్యవతి లాప్‌టాప్ పక్కన పెట్టి లేచింది. "ఎక్కిరించలేదు. నీ గొంతు బాగుంది. ఇంకోపాలి అను."

"ఆపండి ముందు!"

"ఆపం."

ఆ రెండు మాటలు కూడా పెనంలోకి వెళ్లి, ఒకదాని మీద ఒకటి తిరగడం మొదలుపెట్టాయి. ఎవరూ నవ్వలేదు. కుర్రాడు వైర్ల వైపు అడుగు వేశాడు. రెహానా స్టెబిలైజరు డబ్బా మీద రెండు చేతులూ ఆనించి అలాగే నిలబడింది.

దేముడునాయుడు గారు పాకలోంచి తెడ్డుతోనే బయటికొచ్చారు. దాని చివర్నుంచి పాకం బొట్లు కారుతున్నాయి.

"నాకూ నచ్చలేదురా," అన్నారు కుర్రాడితో. "మొదట్నించీ ఇంటన్నాను. ఒక్కనాడూ నచ్చలేదు. అయితే ఏటి? ఇది నా గానుగ, అది నా కూతురు. ఆళ్లు వాయిత్తారు. ఇట్టముంటే ఇను, లేపోతే బండెక్కు."

చెప్పి, జవాబు కోసం ఆగకుండా పొయ్యి దగ్గరికి వెళ్లిపోయారు. ఆ మాటలూ పెనం పట్టుకుంది. 'నచ్చలేదు... నచ్చలేదు...' అంటూ తండ్రి గొంతు ఇనుములో తిరుగుతుంటే, సత్యవతి కళ్లు తుడుచుకుని దాని కింద మళ్లీ ఇంజను చప్పుడు కలిపింది. ఆ సాయంత్రమంతా ఒక ఎత్తు, అది ఒక ఎత్తు. ఎర్రచొక్కా కుర్రాడు బండి ఎక్కలేదు. చేతులు కట్టుకుని, మొహం ముడుచుకునే, చివరిదాకా నిలబడ్డాడు. నేనూ ఇది సంగీతమా కాదా అని తేల్చే పని అక్కడే వదిలేశాను.

ఆ రాత్రి సత్యవతి వాళ్లింట్లో పడుకున్నాను. వేడి బెల్లంతో అట్లు పెట్టారు. తండ్రీ కూతుళ్లు పక్కపక్కనే కూర్చుని తిన్నారు గానీ కచేరీ మాట ఎత్తలేదు.

ఆదివారం పొద్దున మాడుగుల వెళ్లి హల్వా కొనుక్కున్నాను. వేడివేడిగా ఆకులో పెట్టిస్తే అక్కడే సగం తిన్నాను. మధ్యాహ్నానికి బస్సులో అనకాపల్లి చేరాను. స్టేషనులో ఉండగా రెహానా ఫోను చేసింది. హాలు ఓనరు పిలిచాడట. ఊళ్లో అందరూ గానుగ కచేరీ సంగతే మాట్లాడుతున్నారని, వచ్చే వారం హాలు ఇస్తానని, కాకపోతే సగం డాన్సు పాటలు ఉండాలని అన్నాడట.

"ఏమన్నారు మీరు?"

"సగం హాలే ఇత్తావేటి అని అడిగేం. ఫోను పెట్టేసేడు," అంది.

గానుగల రోజులు ఏప్రిల్‌తో అయిపోతాయి. ఆ తర్వాత ఎక్కడ వాయిస్తారో వాళ్లకే తెలియదు. వెళ్లదలచినవాళ్లు ఈలోపే వెళ్లండి. మాడుగుల బస్సుకి చోడవరం దాకా నిలబడటానికి సిద్ధపడండి. అక్కడ మీకు నచ్చే పాట ఎవరూ వెయ్యరు, అది కూడా తెలిసే వెళ్లండి.

తిరుగు రైల్లో కిటికీ పక్క సీటు దొరికింది. నా పక్కాయన ఫోనులో సినిమా పాటలు గట్టిగా పెట్టుకున్నారు. ఎవరూ ఏమీ అనలేదు. నేనూ నా ఫోను తీసి, నిన్న రికార్డు చేసుకున్నది అంతే గట్టిగా పెట్టాను. రెండు నిమిషాలకి ఆయన, "ఏమండీ, ఆ గోల కాస్త ఆపుతారా?" అన్నారు.

"మీరు ఆపాక ఆపుతానండీ," అన్నాను.

ఆయన ఆపలేదు. నేనూ ఆపలేదు. ఎలమంచిలి దాటాక, ఎదురు సీట్లో పాయకరావుపేట వెళ్తున్న పెద్దావిడ ముందుకు వంగింది. "ఇదేటమ్మా, గానుగా?" అంది. అవునన్నాను. "మా కన్నోరింటికాడ ఇలాగే మోగేది. ఇంకొంచెం పెంచు," అంది. పెంచాను. ఆవిడ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వింటూ కూర్చుంది. పక్కాయన లేచి వేరే సీటుకి వెళ్లిపోయారు.

పాయకరావుపేటకి దిగాల్సిన తునిలో రైలు ఆగాక కూడా ఆవిడ లేవలేదు. "అమ్మా, మీ స్టేషను" అని నేనే గుర్తుచేశాను. గబగబా సంచులు తీసుకుని దిగింది. దిగి, ప్లాట్‌ఫాం మీద కిటికీ దగ్గరికొచ్చి నిలబడింది.

"బండి కదిలిందాకా ఉండనీ, ఇనపడతాది," అంది.

నేను ఫోను ఊచల వైపు తిప్పి పట్టుకున్నాను.